పైపు లేని కుళాయి

కరుణాకుమారి టీచర్ పొద్దున్నే సింకు దగ్గర నిలబడి చేతులు కడుక్కునేది మతి ఎంత మిగిలిందో చూసుకోవడానికి. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, కణుపులు, బొటనవేళ్లు, గోళ్లు, మణికట్లు. ఏడూ వరసగా వస్తే ఆ రోజుకి ఫరవాలేదు. ఈ డెబ్భై ఒకటో ఏట కణుపుల దగ్గర తరచూ ఆగిపోతోంది. అందుకే కూతురు జెరూష అన్నీ ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించింది.

కాగితం అక్కర్లేకుండా గుర్తున్నది దీనా ఒక్కతే.

ఇరవై ఏళ్ల కిందట, ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరి బడి. మధ్యాహ్న భోజనం మొదలైన కొత్త. ఆరోగ్య పాఠం చెప్పాలి, చూస్తే బోరు ఎండిపోయింది. "నీళ్లున్నట్టే చెయ్యండర్రా" అని టీచర్ ఖాళీ చెంబు వంచింది. పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారంటే, రోజూ అన్నానికి ముందు పొడి చేతులు ఏడు రకాలా రుద్దుకుని, లేని నీళ్లు విదిలించుకుని కంచాల ముందు కూర్చునేవాళ్లు. మూడో తరగతి దీనా అందరికంటే బాగా చేసేది. గోళ్లు కొరికే పిల్ల. ఆ అలవాటు మాన్పించాలని టీచర్ వేపాకు రసం పూసేది. ఆ మార్చిలో దీనా వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో పోయింది.

టీచర్ ఏడవలేదు. పన్ను పీకే ముందు సూది వేసిన దవడలా లోపల ఏదో మొద్దుబారింది, ఆ తిమ్మిరి మళ్లీ వదల్లేదు. సాయంత్రం ఇంట్లో ప్రార్థన చివర దీనా పేరు మాత్రం తప్పకుండా చెప్పేది. ఆ తర్వాతే ఆమేన్.

ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఎవరో పల్లెటూరి బళ్లలో చూపించడానికి చేతులు కడుక్కునే సినిమా తీస్తున్నారు, ఏడు నిమిషాలది. నటించే పిల్లలకి నేర్పమని టీచర్‌ని పిలిచారు. వెంగళరావు నగర్‌లోని కూతురింటి నుంచి ఆటోలో వెళ్లింది.

స్టూడియో ఫ్లోరులో బడి సెట్టు వేశారు. ప్లైవుడ్ గోడ, దానికి మూడు కుళాయిలు. ఇరవైమంది పిల్లల చేతులకి మేకప్ వాళ్లు బురద పూస్తున్నారు. టీచర్ గోడ వెనక్కి వెళ్లి చూసింది.

"పైపేదయ్యా?"

"పైపు ఎందుకమ్మా, షాట్ల కనపడదు," అన్నాడు సెట్టు కట్టిన బాలనర్సయ్య. "ఉత్త నల్లాలే. ప్లైవుడ్‌కు మొలలు కొట్టిన."

"మరి నీళ్లు?"

"గ్రాఫిక్స్‌ల వేస్తం మేడమ్," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్ అరవింద్. "పిల్లలు యాక్ట్ చేస్తే చాలు. మీరు స్టెప్పులు నేర్పుండ్రి."

టీచర్ నేర్పింది. కణుపుల దగ్గర ఆగితే పిల్లలే అందించారు. ఇరవై జతల పొడి చేతులు ఒక్క లయగా కదిలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ సినిమా ఎన్ని బళ్లకి పోతుందో అరవింద్ సంబరంగా చెప్పాడు. ఆమెకేమీ అనిపించలేదు. అనిపించాలని మాత్రం తెలుసు.

భోజనానికి బ్రేక్ అన్నారు. పిల్లలు లేని నీళ్లు విదిలించుకుని పొట్లాల దగ్గరికి పరుగెత్తారు.

"ఆగండర్రా!" అంది టీచర్. పాత బడి గొంతు వచ్చింది. "చేతులు కడుక్కోందే ఒక్కరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

"లేటయితది మేడమ్, బిర్యానీ చల్లారుతది," అన్నాడు అరవింద్.

టీచర్ వినిపించుకోలేదు. వెళ్లి మధ్య కుళాయి తిప్పింది. అది కాసేపు గురగురమంది. ముందు ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు పడ్డాయి.

"జర మెల్లగ తిప్పమ్మా," అన్నాడు బాలనర్సయ్య, కింద బకెట్ పెడుతూ. "ప్లైవుడ్ నానుతది."

పిల్లలు వరసకట్టారు. పొద్దుట్నుంచీ పూసిన బురదంతా కరిగి బకెట్లోకి పోతుంటే అరవింద్ తల పట్టుకున్నాడు. "అయ్యో, మల్ల పూయాలె!"

ఇరవైమందీ అయ్యాక ఇరవై ఒకటో పిల్ల వచ్చింది. వెలిసిన ఆకుపచ్చ గౌను. చేతుల మీద ఉన్నది మేకప్ కాదు, మెట్టనేల దుమ్ము. గోళ్లు మొదలంటా కొరికేసి ఉన్నాయి.

"లిస్టుల ఇరవైమందే ఉన్నరు," అన్నాడు అరవింద్. "పొట్లం తక్కువ పడ్తది."

"నాది ఇవ్వు బాబూ," అంది టీచర్.

ఆ చిన్న చేతులు రెండూ పట్టుకుని తనే కడిగింది. అరచేతులు, వెనక, సందులు, కణుపులు. ఎక్కడా ఆగలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం మోచేతుల దాకా తెలిసింది. పిల్ల అలవాటుగా వేలు నోట్లో పెట్టుకోబోయి మొహం చిట్లించింది.

"చేదుగా ఉందా?"

"ఊఁ."

పొట్లం తీసుకుని అందరి మధ్యా కూర్చుని, మెతుకు మిగల్చకుండా తింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి జెరూష ఫోన్ అందించింది. "ఎవరో అమ్మాయి. ఇందాకట్నుంచి రెండుసార్లు చేసింది."

"టీచర్ గారండీ, నేనండీ, దీనాని. గోళ్లు కొరుకుతుంటే వేపాకు రసం పూసేవారు, గుర్తున్నానాండీ? ఇప్పుడు మన బళ్లోనే వంట చేస్తున్నానండీ. చేతులు కడిగించందే ఒక్క పిల్లకీ అన్నం పెట్టను. మీ పేరు చెప్పి మరీ భయపెడతాను."

"ఆ రోజు కడుక్కునే తిన్నావు కదే?"

"ఏ రోజండీ?"

టీచర్ ఆలోచించింది. ఏ రోజో ఆమెకీ గుర్తు రాలేదు.

ప్రార్థన చివర జెరూష ఎప్పటిలాగే ఆగింది, తల్లి చెప్పాల్సిన పేరు కోసం. టీచర్ కూడా ఆగింది. అక్కడ ఏదో పేరు ఉండేది. కాగితం మీద రాసుకోలేదు.

ఆ పేరు లేకుండానే ఇద్దరూ ఆమేన్ అన్నారు.