వెనక వరస

బకెట్లో సబ్బునీళ్ళను నురగ పొంగేదాకా గిలక్కొట్టి, పొడుగు కర్ర బ్రష్‌ను అందులో ముంచి, బస్సు ముందద్దం మీద ఎడమ నుంచి కుడికి ఒక్క లాగు లాగాడు ముసలాయన. రాత్రంతా దారిలో పురుగులు గుద్దుకుని అంటుకుపోయిన అద్దం అది. మొదటి లాగుకు పురుగులు కదిలాయి. రెండో లాగుకు ఆకాశం కనబడింది. పైపుతో కడిగి, భుజం మీది గుడ్డతో తుడిచి, కాస్త వెనక్కి జరిగి, ఫోటో దిగబోయే పెళ్ళికొడుకు కాలరు సర్దినవాడిలా తల పక్కకు వంచి చూసుకున్నాడు.

ఆయనకు అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప అది ఎవరికీ గుర్తులేదు. డిపోలో అందరికీ ఆయన తళతళ. ఆ బిరుదు ఊరికే రాలేదు. ఒకసారి ఆయన కడిగిన అద్దం ఎంతగా మెరిసిందంటే, అక్కడ అద్దముందన్న సంగతే మరిచిపోయి డ్రైవరు ముందుకు ఉమ్మాడట. అది తిరిగొచ్చి అతని మీసం మీదే వాలిందట. ఇంకోసారి ఒక కాకి తిన్నగా బస్సులోకి వచ్చేద్దామనుకుని ముక్కు వంకర చేసుకుందట. ఆ కాకి ఇప్పటికీ డిపో గోడ మీద కూర్చుని ఆయన్ను తిట్టిపోస్తూ ఉంటుంది. డ్రైవరు సంగతి నమ్మనివాళ్ళకు కాకిని చూపిస్తారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మెరుపంతా ముందువైపే. సూపర్‌వైజరు గేటు దగ్గర టీ గ్లాసు పట్టుకుని నిలబడతాడు. బస్సు ఆయనకు ముఖం చూపిస్తూ వస్తుంది. ముఖం చూసి ఆయన తలూపుతాడు. బస్సు వెనక భాగం గేటు దాటేసరికి ఆయన చూపు గ్లాసు అడుగుకు దిగిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తళతళ చివరి సీట్ల కింద కూడా దూరి ఊడ్చేవాడు. నడుం పట్టేసిందే తప్ప ఎవరూ తలూపలేదు. అప్పటినుంచీ చెయ్యి దానంతటదే ముందుకు పోవడం నేర్చుకుంది. నేర్చిన చెయ్యి డిపోలోనే ఆగుతుందా? ఇంటి ముందు గోడకు ఏటేటా రంగు, పెరటి గోడకు ఇటుకల రంగే రంగు. "మా ఆయన చొక్కాకు ముందువైపే ఇస్త్రీ" అని భార్య నలుగురిలో నవ్వేది. ఆవిడ పోయి చాలా కాలమైంది. చొక్కా వీపు ఇప్పటికీ ముడతలే.

"ఏంటి బాబాయ్, మధ్యాహ్నం నుంచి సెలవంట? పెళ్ళా పేరంటమా?" కండక్టరమ్మ బస్సు మెట్టు మీద కూర్చుని బూటు తాడు బిగించుకుంటూ అడిగింది.

"పెళ్ళికైతే ఇంత కంగారెందుకమ్మా! మా వసపిట్టకు పన్ను నొప్పి. పళ్ళ డాక్టరమ్మకు చూపించాలి."

వసపిట్ట ఆయన మనవరాలు. ఆరేళ్ళది. నిద్ర లేచింది మొదలు మళ్ళీ నిద్రపోయేదాకా నోరు మూయదు కాబట్టి ఆ పేరు. అలాంటి నోరు నిన్న చల్లటి నీళ్ళు తాగి, చెంప పట్టుకుని, పూట పూటంతా మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికే ఇంట్లోవాళ్ళకు భయం వేసింది.

"వెనకాల ఒక నల్లటి గుంట కనిపించింది" అన్నాడు తళతళ. "పాలపళ్ళేగా. ఇవాళ కాకపోతే రేపు ఊడేవే. కోడలే గాబరా పడుతోంది."

కండక్టరమ్మ తాడు వదిలేసి తలెత్తింది. "ఆగాగు. అన్నిటికన్నా వెనకదా? దాని ముందుదా?"

"వెనకాల ఏదో ఒకటి. నాకేం తెలుసు?"

"తెలుసుకోవాలి మరి! ఆరేళ్ళకు చిట్టచివర ఒకటి మొలుస్తుంది బాబాయ్. ఏ పన్నూ ఊడకుండానే చాటుగా వచ్చి కూర్చుంటుంది. ఇంకో పాలపన్ను కాబోలని అందరూ ఊరుకుంటారు. అది పాలపన్ను కాదు, చచ్చేదాకా ఉండేది. మా చిన్నది దాన్నే పోగొట్టుకుంది. ఇప్పటికీ ఒక పక్కనే నములుతుంది."

విజిల్ ఊది ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయింది. తళతళ చేతిలో పైపు నేల మీద నీళ్ళు పోస్తూనే ఉంది.

ఆ తర్వాత కడిగిన బస్సుల మీద ఆయన దృష్టి లేదు. సంగతేమిటంటే, రాత్రిపూట పిల్ల పళ్ళు తోమించే పని ఆయనదే. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. కోడలు బట్టలు కుట్టే షాపులో మధ్యాహ్నం పనికి వెళితే చీకటి పడ్డాకే వస్తుంది. "పొద్దున నేను చూసుకుంటాను, రాత్రి మాత్రం మీరే మామయ్యా" అని పిల్ల బ్రష్ ఆయన చేతిలో పెట్టింది. "బస్సులు కడిగేవాడికి పళ్ళొక లెక్కా!" అని ఆయన మీసం దువ్వాడు. రోజూ రాత్రి తంతు ఘనంగానే జరిగేది. ఆయన మంచం మీద కూర్చుని "ముందద్దం!" అని కేకేస్తాడు. పిల్ల ముందు పళ్ళ మీద బరబరా రుద్దుతుంది. "ఏదీ, ఈ అను!" అంటాడు. పిల్ల ఈ అంటుంది. మల్లెమొగ్గల్లాంటి వరస కనబడుతుంది. ఆయన తలూపుతాడు. ఆ మెచ్చుకోలుకు బహుమానంగా ఒక క్రీము బిస్కెట్టు. అది నములుతూ పిల్ల పడుకుంటుంది. అందరికీ సంతోషమే. బిస్కెట్టుకు కూడా.

ఇప్పుడు తళతళ బకెట్లోకి చూస్తూ ఒక్కటే అనుకుంటున్నాడు. చివరిదైతే? పిల్ల జన్మంతా నమలాల్సిన పన్ను తన చేతి కిందే పోయుంటే? కోడలికి ఏ ముఖం చూపించాలి?

క్లినిక్ వరండాలో వసపిట్ట గొంతు ఆగలేదు. గోడ మీది బల్లికి పళ్ళుంటాయా, డాక్టరమ్మకు పన్ను నొప్పొస్తే డాక్టరమ్మే పీక్కుంటుందా, తాతకు భయమేస్తోందా, లేకపోతే చొక్కా ఎందుకు తడిసింది. తీరా ఆ పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాక, పుట్టిన ఇన్నాళ్ళకు మొదటిసారి తనంతట తానే నోరు గట్టిగా మూసుకుంది.

"తెరవవే తల్లీ" అన్నాడు తళతళ. "లోపల బస్సు మలుపు తిరగడానికి జాగా ఉందో లేదో చూస్తారంతే."

"చిన్న బస్సా, పెద్ద బస్సా?" అని అడగడానికి నోరు తెరిచింది. డాక్టరమ్మ చిన్న అద్దం లోపలికి పోనిచ్చింది.

"ముందు పళ్ళు మెరిసిపోతున్నాయే! తోమించేదెవరు?"

తళతళ బళ్ళో పిల్లాడిలా వేలెత్తాడు.

"వెనక్కి ఎప్పుడైనా వెళ్ళారా తాతగారూ?"

ఎత్తిన వేలు కిందికి దిగింది. గేటు దగ్గర టీ గ్లాసుతో నిలబడి, ముఖం చూసి తలూపే సూపర్‌వైజరు ఆయనకు కళ్ళముందు కనబడ్డాడు. ఆ సూపర్‌వైజరుకు తన మీసమే ఉంది.

"అమ్మా, ఆ గుంట పడింది... చివరిదా?"

డాక్టరమ్మ ఆయన్ను దగ్గరికి రమ్మని అద్దం వాలుగా పట్టి చూపించింది. "ఇదిగో, నల్లగా ఉందే, దీనికి గుంట పడింది. ఇది పాలపన్నే. దాని వెనకాల పొట్టిగా తల ఎత్తుతోంది చూడండి, అదీ అసలుది. పాచి పట్టింది, తుడిస్తే పోతుంది. పన్ను మాత్రం బాగుంది."

తళతళ కూర్చోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చేత్తో తడుముకున్నాడు. దొరికింది. డాక్టరమ్మ స్టూలు. దాని మీద కూర్చుని, పొద్దుటినుంచీ లోపల పట్టి ఉంచిన ఊపిరంతా వదిలాడు. ఆ గాలికి ట్రేలో దూది ఎగిరిందంటే నమ్మరుగానీ, ఎగిరింది.

"అయితే నల్లదాన్ని పీకెయ్యండి. ఎలాగూ ఊడేదేగా."

"పీకితే ఎలాగండీ! కింద తయారవుతున్న దానికి చోటు ఆపి ఉంచేది ఇదే కదా."

"రుమాలు వేసి సీటు ఆపినట్టా?"

"అచ్చం అలాగే. గుంట పూడుస్తాను. దాని టైము వచ్చాక అదే దిగిపోతుంది."

మిగతా మాటలు పని చేస్తూ చెప్పింది. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి పూట పెద్దవాళ్ళ చెయ్యి పడాల్సిందే. పిల్ల వెనక నిలబడి, గడ్డం ఎత్తిపట్టి తోమాలి. పేస్టు బఠాణీ గింజంత చాలు. మొదలుపెట్టేదే వెనకనుంచి. "ముందు నుంచి మొదలుపెడితే వెనక్కి వెళ్ళేలోపే పిల్లలకు విసుగొస్తుంది. పైగా ఈ కొత్త పన్ను ఇంకా పూర్తిగా లేవలేదు. పక్కదానికన్నా పొట్టి. బ్రష్ దీని నెత్తి మీదుగా దాటిపోతుంది. అందుకని అడ్డంగా పెట్టి, దీనొక్కదాన్నీ విడిగా తోమాలి. తోమాక మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదు."

"బిస్కెట్టు కూడానా?" నోట్లో దూదితోనే అడిగింది వసపిట్ట. "తాత రోజూ ఇస్తాడుగా, తోముకున్నాక!"

డాక్టరమ్మ చేతిలో పరికరం ట్రేలో పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని, తన స్టూలు మీద కూర్చున్న ముసలాయన వైపు చూసింది. తళతళ కిటికీలోంచి ఎంతో శ్రద్ధగా వీధిని చూశాడు.

తిరుగుదారిలో ఆయన పిల్లను తీసుకుని డిపో వెనక పాత ఇనుము దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఏదో బస్సు నుంచి ఊడదీసిన పక్కద్దం పడి ఉంది. ఒక మూల పగిలింది, ఇనుప చట్రానికి నల్లరంగు వేసి ఉంది. మెకానిక్‌ను అడిగాడు.

"తీసుకెళ్ళు పెద్దాయనా. ఇంట్లో ఎందుకు? వెనకొచ్చే బండ్లు చూసుకోవడానికా?"

"వెనక పళ్ళు చూసుకోవడానికి."

"పళ్ళకు కూడా ఓవర్‌టేకింగా!" అని మెకానిక్ నవ్వి, బిగించడానికి నాలుగు మేకులు కూడా ఇచ్చాడు.

పెరటి గోడకు, కుళాయి పక్కన, పిల్లను నిలబెట్టి ఆమె ముఖం ఎత్తుకు అద్దం బిగించాడు. ఆ ఎత్తుకు ఆయన మోకాళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. తిండి తిన్నాక, బల్బు వేసి, పిల్ల వెనక చేరి, గడ్డం ఎత్తిపట్టాడు. అద్దంలో ఒక పెద్ద నోరు, దాని పైన ఒక మీసం కనబడ్డాయి.

"ముందద్దం!" అంది వసపిట్ట అలవాటుగా.

"ఇకనుంచి వెనక సీటు నుంచే. చివరి సీటులో ఒక పొట్టివాడు కూర్చున్నాడు. వాడు కనబడట్లేదని అందరూ వాణ్ని మర్చిపోయి దిగిపోతున్నారు. ముందు వాడి సంగతి చూద్దాం." బ్రష్ అడ్డంగా పెట్టాడు. బస్సు మీద లాగే చెయ్యి కాబట్టి మొదట కాస్త జోరుగా పడింది. పిల్ల కుయ్యిమంది. చెయ్యి తేలిక చేశాడు. పైన, లోపలి వైపు, బయటి వైపు, మెల్లగా. అవతలి పక్క చివరి సీటు. తర్వాత పై వరస. ముందు పళ్ళ దగ్గరికి వచ్చేసరికి వాటికి ఏమంత పని మిగల్లేదు.

పిల్ల ఉమ్మేసి, అద్దంలో తాత నోటిని పరీక్షగా చూసింది. "తాతా, నీకు వెనకంతా ఖాళీ సీట్లే! ఏమయ్యారు వాళ్ళు?"

"బ్రేకులు ఫెయిలైన బస్సును ఒకసారి పళ్ళతో పట్టి ఆపాను. అప్పుడు కొందరు దిగిపోయారు."

"మొన్న ఏనుగు అన్నావు!"

"ఆ బస్సులో ఏనుగే ఉందే."

అప్పుడే కోడలు తలుపు తీసుకుని, చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా పెరట్లోకి వచ్చింది. పిల్ల గడ్డం పట్టుకుని మామగారి వైపు చూసింది.

"పాలపన్నే అమ్మా" అన్నాడు తళతళ, మోకాళ్ళ మీదే ఉండి. "అసలుది బాగుంది."

కోడలు గడప మీద కూలబడింది. "మధ్యాహ్నం నుంచీ మిషన్ మీద దారం తెగుతూనే ఉంది మామయ్యా. పొద్దున హడావుడిలో నేనే సరిగా తోమించట్లేదు కాబోలని..." చెంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, భయం దిగిపోయిన మనిషికి వచ్చే నవ్వు వచ్చింది. "ఇదేంటి మామయ్యా, బస్సు ఊడదీసి తెచ్చారా?"

"బస్సు అక్కడే ఉందమ్మా. అద్దమే వచ్చింది."

"బిస్కెట్టు బందంట అమ్మా! డాక్టరమ్మ తాతను ఇలా చూసింది!" నడుము మీద చెయ్యి వేసి చూపించింది వసపిట్ట. కోడలు కూడా నడుము మీద చెయ్యి వేసింది. తళతళకు ఈసారి చూడటానికి కిటికీ దొరకలేదు.

ఆ తర్వాత ఎన్నో రాత్రులు ఆయన ఆ అద్దం ముందు మోకాళ్ళ మీద నిలబడ్డాడు. పిల్లకు చెయ్యి తిరిగేదాకా తన చెయ్యి పెట్టాడు. తిరిగాక చెయ్యి తీసి కళ్ళు పెట్టాడు. నల్లపన్ను దాని టైముకు అదే ఊడింది. పొట్టివాడు పూర్తిగా లేచి, పక్కవాళ్ళతో సమానంగా నిలబడ్డాడు. డాక్టరమ్మ నోరంతా చూసి, "ఇక్కడ నాకేం పని లేదు, వెళ్ళిరండి" అంది. ఆ మాట తళతళ డిపోలో ఎదురైనవాడికల్లా చెప్పాడు. కాకికి కూడా చెప్పాడంటారు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం భోజనం చేసి, పుక్కిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం మనవరాలు లేపితే లేవలేదు. నొప్పేమీ పడినట్టు లేదు. బస్సు డిపోలో పెట్టి దిగిన డ్రైవరుకుండే ముఖమే ఆ ముఖం.

వసపిట్ట ఇప్పుడు వాళ్ళమ్మంత పొడుగైంది. రాత్రిపూట పెరట్లో కుళాయి దగ్గర నడుము వంచి, మోకాళ్ళు వంచి, నోరు పెద్దగా తెరిచి వెనక వరస చూసుకుంటుంది. పైకి జరిపి బిగిస్తానని వాళ్ళ నాన్న ఎన్నిసార్లో అన్నాడు. ఇంట్లో ఎవరూ సుత్తి అందివ్వలేదు. మూల పగిలిన ఆ బస్సద్దం ఆరేళ్ళ పిల్ల ఎత్తులోనే ఉంది; మోకాళ్ళ మీది నుంచి లేవడానికి ఆయన రోజూ పట్టుకున్న చోట, ఇనుప చట్రం మీద నల్లరంగు అరిగిపోయి, నాలుగు వేళ్ళ మేర నున్నగా.