మేకలు ఈనే రోజులు

పద్మిని కుడిచేతి బొటనవేలి మీద పొక్కు లేచి, నడుమ గుంటపడి, చుట్టూ ఎర్రగా కందింది. పోర్ట్‌బ్లెయిర్‌లో డాక్టరమ్మ చూడగానే, "దీదీ, మేకలున్నాయా ఇంట్లో?" అంది.

"ఉన్నాయండీ, మా ఊరు తుష్నాబాద్‌లో. మూతి పుండ్లున్న మేకపిల్లకి సీసాతో పాలు పట్టాను."

"దాన్నించే అంటింది. ఇదో రకం పాక్స్ వైరస్. కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. గిల్లొద్దు, కోయించొద్దు. కట్టు కట్టుకోండి, ఆ చేత్తో పిల్లల్ని ముట్టుకోకండి."

తిరుగు బస్సులో అమ్మమ్మ ఎరుకమ్మ గుర్తొచ్చింది. ఏడాదంతా చేపల పులుసన్నం కలిపి ముద్దలు పెట్టే మనిషి, మేకలు ఈనే రోజుల్లో మాత్రం వేలికి పాతచీర పేలిక చుట్టుకుని, దూరంగా కూర్చుని చెంచా అందించి, "చమ్మచ్‌తో తినెయ్ బుజ్జీ" అనేది. మేకపిల్లలు రాగానే తన మీద ప్రేమ పోయిందని చిన్నారి పద్మిని అలిగి కంచం తోసేసేది. అమ్మమ్మ కంచం మళ్లీ ముందుకు జరిపేది.

సాయంత్రం పద్మిని కూతురు కంచం ముందు కూర్చుని, ముద్దకోసం నోరు తెరిచింది. పద్మిని కట్టున్న చెయ్యి వెనక్కి దాచుకుని చెంచా అందించింది. పిల్ల మూతి ముడిచి కంచం తోసేసింది.

పద్మిని కంచం మళ్లీ ముందుకు జరిపి, "చమ్మచ్‌తో తినెయ్ బుజ్జీ" అంది. కళ్లు తుడుచుకోవడానికి ఎడమ చెయ్యే మిగిలింది.