చుక్క కింద తొమ్మిదిమంది

పాత బూట్ల ఫ్యాక్టరీ రెండో అంతస్తులో నడిచే ఆ బడికి ఏటా ఆకులు రాలే కాలంలో సర్కారు నుంచి ఒక పట్టిక వచ్చేది. ఏ జాతి పిల్లలు ఎందరు, ఎవరింట్లో ఏ భాష, ఎవరి చదువు ఎలా ఉంది, అన్నీ గళ్ళు గళ్ళుగా ఉండేవి. ఒక్క గడిలో మాత్రం అంకె ఉండేది కాదు. అక్కడొక చుక్క గుర్తు. ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లల గడి అది. ఏ గుంపులోనైనా పదిమందికి తక్కువ ఉంటే వాళ్ళ మార్కులు బయటపెట్టకూడదని నియమం. ఫలానా పిల్లవాడని ఎవరూ పోల్చుకోకుండా ఉండటానికట. ఆ బడిలో అలాంటివాళ్ళు తొమ్మిదిమంది.

బడి పెట్టిన మనిషీ, దాని ప్రిన్సిపాలూ యూజేనియా లోంబా. కేప్ వర్డ్ దీవుల నుంచి వచ్చి ఆ అమెరికా ఊళ్ళో స్థిరపడినవాళ్ళ మనవలకోసం పెట్టిన బడి. వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టి ఇంగ్లీషులోనే కలలు కనేవాళ్ళు. వాళ్ళ గళ్ళలో అంకెలు బాగుండేవి, ఊరి పత్రిక కూడా మెచ్చుకుంది. ఆ తొమ్మిదిమంది ఎలా చదువుతున్నారో ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడమూ తెలుసు. అద్దంలో తన ముఖంమీది మచ్చను దాటిపోయే చూపులా, చుక్క దగ్గరికి రాగానే ఆమె చూపు పక్కకు జారేది.

సర్కారు సొమ్ముతో నడిచినా పెత్తనం సొంతమైన బడి అది. ఐదేళ్ళకోసారి రాష్ట్ర బోర్డు ఆ పట్టిక చూసి అనుమతి తిరగరాయాలి. రాయకపోతే తలుపులకు తాళమే. ఈసారి గడువు చలికాలంలో పడింది.

అలాంటి సమయంలో బిబీనా అనే ముసలావిడ మనవరాలిని చేర్చడానికి వచ్చింది. పిల్ల పేరు నిల్డా. ఆ దీవుల్లో ఒకటైన ఫోగో నుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఆఫీసు పనులు చూసే తియోఫిలు పేరూ ఊరూ రాసుకుని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాడు.

"ఇంగ్లీషు" అంది బిబీనా. ఆ మాటా, దాని ముందూ వెనకా ఉన్న మాటలన్నీ తమ దీవుల భాష క్రియోలులోనే అంది.

తియోఫిలు కలం ఆగింది. తలెత్తి, లోపలి గది గుమ్మంలో నిలబడ్డ యూజేనియా వైపు చూశాడు. ఆమె ముందుకు వచ్చింది. పిల్లకు టీకాలు వేసిన కాగితం తక్కువైందనీ, రేపు తెస్తే మిగతాది పూర్తి చేద్దామనీ, పిల్లను ఈలోగా తరగతిలో కూర్చోబెడతామనీ చెప్పి ముసలావిడను పంపేసింది. ఆ కాగితం ఒక సాకు. తనకు ఒక రోజు కావలసి వచ్చింది.

"నీకిది దేవుడిచ్చిన మాట, జేనియా" అన్నాడు తియోఫిలు తలుపు మూశాక. ఒకే చర్చి వీధిలో పెరిగినవాళ్ళు, ఆమెను మీరు అనడం అతనికి ఏనాడూ రాలేదు. "క్రియోలని రాశామా, ఈ పిల్ల ఆ గడిలో పదోది అవుతుంది, చుక్క రాలుతుంది. కింద ఏముందో నీకూ నాకూ తెలుసు."

"ఆ పిల్లకి ఇంగ్లీషు ముక్క రాదు."

"వచ్చని ఆవిడే చెప్తోంది. నువ్వు కాదని ఆవిణ్ణి అబద్ధాలకోరు చేస్తావా? బడి మూతపడితే ఈ పిల్లకీ చోటుండదు, ఆ తొమ్మిదిమందికీ ఉండదు. అప్పుడు నీ నిజాయితీని గోడకి మేకు కొట్టి తగిలించుకో."

అతను చెప్పినదాంట్లో తప్పు వెతకబోయింది. దొరకలేదు. అదే ఆమెను ఎక్కువగా బాధించింది.

మధ్యాహ్నం ఆమె తరగతి వెనక వరుసలో వచ్చి నిలబడింది. పంతులమ్మ నిల్డాను పేజీ తీశావా అని అడిగింది. పిల్ల తల ఊపింది. అర్థమైందా అంది. ఊపింది. కిటికీ పక్కన చలిగా ఉందా అంది. ఊపి, నవ్వింది. మరి ఇటు వచ్చి కూర్చుంటావా అంటే దానికీ ఊపింది, కదల్లేదు. పంతులమ్మ యూజేనియా దగ్గరికి వచ్చి, ఎంత బుద్ధిమంతురాలో చూడండి అని మెచ్చుకుంది.

యూజేనియా మెడ వెనక ఏదో పట్టేసినట్టయింది. ఆ ఊపు ఎలాంటిదో ఆమె కండరాలకు తెలుసు. ఎదుటివాళ్ళ కనుబొమలు పైకి లేచిన మరుక్షణం ఊపాలి. ముందు ఊపితే అనుమానం వస్తుంది, ఆలస్యమైతే ఇంకో ప్రశ్న వస్తుంది. నవ్వులో పళ్ళు కనబడకూడదు. చిన్నప్పుడు, ఆ దీవుల్లోనే ఇంకొకటైన బ్రావా నుంచి వచ్చిన ఏడాది ఆమె నేర్చుకున్న చదువు అంతా అదే. వాళ్ళమ్మ కూడా బడి ఆఫీసులో ఇంగ్లీషనే చెప్పింది. క్రియోలు అంటే పిల్లను నేలమాళిగ గదిలో మందబుద్ధులతో కూర్చోబెడతారని ఎవరో దూరపు చుట్టం భయపెట్టాడు. ఆ తర్వాత ఇంగ్లీషు వచ్చింది, డిగ్రీలూ వచ్చాయి. ఊపు మాత్రం పోలేదు. బోర్డు మనుషుల ముందు కూర్చున్నప్పుడు తన తల తనను అడక్కుండానే ఊగుతుండటం ఆమె చాలాసార్లు గమనించింది.

మర్నాడు బిబీనా కాగితం తెచ్చింది. నిల్డా ఆమె కోటు అంచు పట్టుకుని నిలబడింది. తియోఫిలు కలం సిద్ధం చేసుకుని, ఇంగ్లీషే కదా న్య బిబీనా అన్నాడు. పెద్దావిడ పేరుకు ముందు ఆ గౌరవం పెట్టకుండా ఎవరూ పిలవరు. ఆవిడ అవునంది. ఇంకొక్క గీత గీస్తే సరిపోతుంది.

యూజేనియా పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. అవునని తల ఊపి తప్పించుకోలేని ప్రశ్న ఒకటి కావాలి. క్రియోలులో అడిగింది.

"పొద్దున ఏం తిన్నావే?"

పిల్ల తల అలవాటుగా ఊగబోయి, సగంలో ఆగిపోయింది. తర్వాత మాటలు వచ్చాయి. రాత్రి మిగిలిన మొక్కజొన్నల కచూపా వేయించి దానిమీద అవ్వ గుడ్డు కొట్టి పోసిందనీ, ఇక్కడి గుడ్డులో సొన ఏడ్చిన మొహంలా పాలిపోయి ఉంటుందనీ, తమ కోళ్ళు నిప్పుకొండ కింద నల్లమట్టిలో తిరుగుతాయి కాబట్టి వాటి సొన ఎర్రగా ఉంటుందనీ, ఒక కోడికి తన పేరే పెట్టారనీ, దాన్ని ఎవరికిచ్చి వచ్చారో అవ్వ చెప్పడం లేదనీ. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. తియోఫిలు కలం బల్లమీద పెట్టేశాడు.

బిబీనా మొహం నల్లబడింది.

"బ్రావా దానివి అనిపించుకున్నావు" అంది. "ఎదురు దీవిలో కూర్చుని మా కొండ పొగకి ముక్కు మూసుకున్న జాతి మీది. ఇక్కడికొచ్చి కుర్చీ ఎక్కినా బుద్ధి మారలేదు. దాని నోట్లోంచి మాట లాగి దాన్నే కిందకి తోస్తావా?"

యూజేనియా లేవలేదు. ఈ రాతతో కిందికి పోయేది పిల్ల కాదనీ, బడి పోవచ్చనీ చెప్పాలనుకుంది. అది చెబితే తన త్యాగాన్ని ముసలావిడ చేతిలో పెట్టి మెప్పు అడిగినట్టుంటుంది. అందులో కొంత నిజమేనేమోనని కూడా అనిపించింది. అందుకని ఇంకోటి చెప్పింది.

"మా అమ్మ కూడా ఇంగ్లీషనే చెప్పింది, న్య బిబీనా."

"చెప్తే ఏమైంది? ప్రిన్సిపాలువి అయ్యావుగా."

"ఒక చలికాలం నాకు జ్వరం వచ్చింది. ఒంట్లో బాగుందా అని టీచరు అడిగింది. తల ఊపాను. సాయంత్రం దాకా ఊపుతూనే ఉన్నాను. బస్సులో పడిపోతే ఎవరో ఎత్తుకెళ్ళారు. ఇప్పటికీ నన్నెవరైనా బాగున్నావా అంటే, ముందు తల ఊగుతుంది. బాగున్నానో లేదో తర్వాత చూసుకుంటాను."

బిబీనా మనవరాలి నడినెత్తి పాపిడి వైపు చూసింది. కోటు అంచును పిల్ల పిడికిలి నుంచి మెల్లగా విడిపించి, మళ్ళీ తనే ఆ పిడికిలిలో పెట్టింది.

"అయితే రాయి" అంది తియోఫిలుతో. "కానీ ఫోగో క్రియోలు అని రాయి. ఈవిడగారిది కాదు."

అలా విడగొట్టి రాయడానికి చోటు లేదు. తియోఫిలు ఆ మాట చెప్పకుండానే రాశాడు. ఆవిడ వెళ్ళాక, చుక్క రాలిందిలే అని మాత్రం అన్నాడు.

ఆ ఏటి పట్టికలో, అంతదాకా చుక్క ఉన్న గడిలో అంకె వచ్చింది. ఎర్రగా వచ్చింది. చలికాలంలో బోర్డు ఐదేళ్ళకు బదులు ఒక్క ఏడాది గడువిచ్చింది. ఆ అంకె మారకపోతే బడి మూసేయాలి. ఊరి పత్రిక ఆ సంగతీ రాసింది. రెండు కుటుంబాలు పిల్లల్ని వేరే బడికి మార్చాయి. తియోఫిలు ఇంకో ఉద్యోగం చూసుకుంటున్నాడని ఆమె చెవిన పడింది. ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ పదిమందికోసం నాట్యం పంతులును మాన్పించి క్రియోలు వచ్చిన పంతులమ్మను పెట్టుకున్నారు. నాట్యం పోయినందుకు మిగతా పిల్లలు యూజేనియాను క్షమించలేదు.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒకనాడు ఆమె మళ్ళీ తరగతి వెనక వచ్చి నిలబడింది. పంతులమ్మ పాఠం చదివి, అర్థమైందా అని ఇంగ్లీషులో అడిగింది. తలలు ఊగాయి. యూజేనియా మెడ కూడా కదిలింది. కిటికీ పక్కన నిల్డా పంతులమ్మ కనుబొమల వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది, చెయ్యెత్తింది.

"నో" అంది.

పంతులమ్మ పాఠం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.