చెరిపి రాసే మధ్యలో

ఆ క్లాసు జోలికి తొమ్మిదేళ్లుగా ఎవరూ పోలేదు. ఆసుపత్రుల్లో రోగికి చుక్క చుక్కగా మందు ఎక్కించే పంపుకి, క్లాసు అని పిలిచే ఆ కోడ్ ముక్క గుండెకాయ లాంటిది. ఎంత మందు వెళ్లింది, ఇంకెంత మిగిలింది అన్న లెక్కంతా దానిదే. దాన్ని రాసినాయన ఇప్పుడు ఆ పంపులు తయారుచేసే కంపెనీ ఆఫీసు మొత్తానికీ పెద్దదిక్కు. అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు. కొత్త మోడల్ బయటికి వెళ్లేలోపు పాత కోడ్‌కంతటికీ, అది సరిగా నడుస్తోందో లేదో చూసే టెస్టులు రాయాలని తీర్మానం జరిగింది. తలా ఒక ముక్క పంచుకున్నారు గానీ, దీని దగ్గరికి వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు. ఆ పూట సెలవులో ఉన్న పాపానికి అది టెస్టరమ్మ నెత్తిన పడింది.

చిక్కేమిటంటే, ఆ క్లాసు బ్యాటరీతోనూ మెమరీతోనూ మాట్లాడే కోడ్‌ని ఎవరి దగ్గరా తీసుకోదు. పుడుతూనే లోపలే తయారుచేసుకుంటుంది. లెక్క కట్టే ఫంక్షన్ ప్రైవేటు, బయటివాళ్లు పిలిస్తే పలకదు. మందు ఎక్కుతుండగా బ్యాటరీ అయిపోతే ఏమవుతుందో చూడాలంటే నిజం పంపు తెచ్చి నిజంగానే బ్యాటరీ పీకాలి.

“ప్రైవేటు గోడ దూకే ఉపాయాలు బోలెడున్నాయి కదా, దూకెయ్,” అన్నాడు పక్క సీటు మిత్రుడు.

“రేపెవరైనా ఆ గోడ జరిపితే నా టెస్టు నడుం విరుగుతుంది. తలుపు పెట్టించుకుని దర్జాగానే వెళ్తాను,” అని ఆమె నేరుగా పెద్దాయన గదికి వెళ్లింది.

“సార్, మీ క్లాసులో రెండు లైన్లు మార్చాలి. లెక్క ముట్టుకోను. బ్యాటరీ, మెమరీ బయటి నుంచి ఇస్తే పుచ్చుకునేలా చేస్తాను. ఇవ్వకపోతే ఎప్పటిలా తనవే వాడుకుంటుంది.”

ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. “నేను రిటైరయ్యాక మార్చుకుంటారులే అనుకున్నాను. సరే, కానివ్వమ్మా.”

దారి దొరికాక పని చకచకా సాగింది. కోడ్‌లోనే ఉత్తుత్తి బ్యాటరీ ఒకటి, ఉత్తుత్తి మెమరీ ఒకటి చేసుకుంది. ఏ క్షణంలో ఆగిపొమ్మంటే ఆ క్షణంలో ఆగిపోతాయవి. పదకొండు టెస్టులు పాసయ్యాయి. పన్నెండోదానిలో, వెళ్లిన మందు లెక్కలో పాత అంకె చెరిపాక, కొత్త అంకె రాయకముందు బ్యాటరీ ఆపింది. ఎక్కించాల్సిన వందలో నలభై వెళ్లింది గనక, పంపు మళ్లీ లేచాక అరవై మిల్లీలీటర్లు మిగిలాయని చెప్పాలి. వంద అంది. అంటే మందంతా మొదటి నుంచి ఎక్కిస్తుందన్నమాట.

తన టెస్టే తప్పేమోనని మూడుసార్లు సరిచూసుకుంది. తప్పు టెస్టులో లేదు. భోజనాల వేళ బయటి మెట్ల మీద కూర్చుని, ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న చెల్లెలికి ఫోన్ చేసింది.

“పంపు బ్యాటరీ మార్చాక మీరేం చేస్తారే?”

“ఎంత మిగిలిందో మేం రాసుకున్న కాగితం చూసి పంపులో మళ్లీ మేమే కొడతాం అక్కా. దానికి మతిమరుపు, ఎప్పుడో ఒకసారి మొదటికొస్తుందని మా హెడ్ నర్సు అందరికీ నేర్పించింది.”

“మరి మా కంపెనీకి చెప్పలేదా?”

“చెప్తే చేసి చూపించమంటారు. మనం అడిగినప్పుడు అది చెయ్యదుగా!”

అక్కడైనా నర్సులు కాచుకుంటున్నారని టెస్టరమ్మకి ఊపిరి కాస్త తేలికపడింది. ఆ కబురూ టెస్టూ రెండూ పట్టుకెళ్లి పెద్దాయన ముందు పెట్టింది. ఆయన ఆ టెస్టుని తనే ఇంకోసారి నడిపి చూశాడు.

“అప్పట్లో నలభైసార్లు బ్యాటరీ నా చేత్తో పీకి చూశానమ్మా. ఒక్కసారీ దొరకలేదు.”

“అది రెప్పపాటులో వెయ్యోవంతు సార్. చేతికెలా దొరుకుతుంది?”

“దొరకలేదని లేదనుకున్నాను. అదీ నా తప్పు,” అన్నాడు.

కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. కొత్త అంకె ముందు వేరేచోట రాసి, అది నిలిచిందని తేలాకే పాతది చెరిపేలా ఇద్దరూ కలిసి మార్చారు. పన్నెండో టెస్టు పాసైంది. ఆసుపత్రులన్నిటికీ వెళ్లే ఉత్తరంలో ‘లోపం గమనించడమైనది’ అని మేనేజరు రాస్తే, ఆయన కొట్టేసి ‘ఈ తప్పు నేను చేశాను’ అని సంతకం పెట్టాడు. సవరించిన కోడ్ చేరేదాకా ఆ హెడ్ నర్సు పద్ధతే అందరూ పాటించాలని కింద రాయించాడు.

మరుసటి వారం ఆయనే ఆ హెడ్ నర్సు వార్డుకి వెళ్లాడు. గంటలో వస్తానన్న మనిషి సాయంత్రానికి గానీ రాలేదు. నర్సులు పంపు గురించి చెప్పిన ఇబ్బందులన్నీ నోటుబుక్కులో మూడు పేజీలకి ఎక్కాయి. టెస్టరమ్మ మొదటి పేజీ చదివి, పదమూడో టెస్టుకి పేరు టైపు చేయడం మొదలుపెట్టింది.