ముందు నడిచే వీపు

సంచి సర్దడం నాకు అలవాటైన పని. తువ్వాలు, మార్చుకునే బట్టలు, నీళ్ళ సీసా, వాంతి వస్తే పట్టడానికి పాత కవర్లు, ఆయన కళ్ళజోడు, ఆయన దువ్వెన. తల మీద నాలుగు వెంట్రుకలు లేవు గాని దువ్వెన లేకపోతే గడప దాటడు. అన్నీ పెట్టాక పక్క జిప్పు తీసి, కాగితంలో చుట్టిన నా బిళ్ళల అట్ట అందులోకి తోస్తాను. దాన్ని గురించి ఎవరూ అడగరు. ఆ సంచిలో నాదంటూ ఉన్నది అదొక్కటే.

"అయిందా? బస్సు పోతే మళ్ళీ నన్నంటావు," అన్నాడు మా ఆయన గుమ్మంలో నిలబడి.

ప్రతి గురువారం ఇదే మాట. తాగుడు మానిపించే కేంద్రానికి వెళ్ళాల్సింది ఆయన. చొక్కా గుండీలు పెట్టుకుని నిలబడటం వరకే ఆయన వంతు. మిగతాదంతా నాది. "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను," అని మొదటి రోజే తేల్చేశాడు. "అంతా నీ చేతిలో ఉంది వదినా, నువ్వు గట్టిగా ఉంటే అన్నయ్య మానకపోతాడా," అంది మా ఆడపడుచు ఫోన్లో. తాగుడు మొదలుపెట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు, మానడం మాత్రం నా చేతిలోకి ఎలా వచ్చిందో. ఇలాంటి మాటలకి కోపం రావాలి. రాలేదు. నాకు చాలా ఏళ్ళుగా ఏదీ సరిగ్గా రాదు. కోపం దూరంగా కనిపిస్తుంది, ఎదురింటివాళ్ళ కోసం వచ్చిన చుట్టంలాగా. నా గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోతుంది.

బస్సు ఎక్కేటప్పుడు మాత్రం భయమేస్తుంది. ఆయన ముందెక్కితే తలుపు మూసుకుపోయి నేను కింద ఉండిపోతానేమోనని. నేను ముందెక్కితే ఆయన ఉండిపోతాడేమోనని. అందుకని ఆయన చొక్కా అంచు పట్టుకుని ఎక్కుతాను. "చిన్నపిల్లవా?" అంటాడు. కండక్టరు నవ్వుతాడు.

మా పిల్ల వ్యానులో వెళ్ళింది. అప్పుడు మేం కొండ మీద ఉండేవాళ్ళం. మా వాళ్ళ పిల్లలందర్నీ కింద హాస్టలు బడిలో వేయాలని సర్కారు ఆఫీసు వాళ్ళు వ్యాను తెచ్చారు. పళ్ళు ఊడే వయసు దానిది. ముందు పన్ను ఊగుతోంది, ఆ పొద్దున దాన్ని నాలుకతో తోస్తూ ఆడుకుంటోంది. తలుపు మూశారు. ఆ పన్ను ఎక్కడ ఊడిందో నాకు తెలియదు. చదువుకుని తిరిగొచ్చింది, రాకేం. కాని అప్పటికి మా భాష దాని నోట్లో లేదు. అక్కడ మా భాషలో మాట్లాడితే బెత్తంతో కొట్టేవారట. నేనేదైనా అడిగితే కింది భాషలో జవాబు చెప్పేది, ఎంతో మర్యాదగా, పక్కింటావిడతో చెప్పినట్టు. దాని పాత వాచకాలు ముందేసుకుని నాకు నేనే అక్షరాలు దిద్దుకున్నాను, దాని మాటలు కొన్నైనా అందుతాయని. నాకు చదవడం వచ్చేసరికి అది ఉద్యోగానికి వేరే పట్నం వెళ్ళిపోయింది. ఇప్పుడు ఫోన్ చేసి, "నాన్న మానేశారా?" అని అడుగుతుంది. "నువ్వెలా ఉన్నావమ్మా?" అని కూడా అడుగుతుంది, జవాబుకి ఆగదు. ఆగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు.

తర్వాత మేమూ కొండ దిగాం. ఆయనకి రాళ్ళ క్వారీలో పని దొరికింది, నాకు లాడ్జీ దుప్పట్లు ఉతికే చోట. దుప్పటి పిండాలంటే ఇద్దరు చెరో కొస పట్టాలి. "ముసలమ్మ నిలబడే నిద్రపోతుంది, అయినా చెయ్యి మాత్రం వదలదు," అని మేస్త్రీ నలుగురిలో అంటాడు. అది మెప్పో ఎగతాళో పట్టించుకునేదాన్ని కాదు. "నీలాంటివాళ్ళు నలుగురుంటే చాలు, ఏమన్నా పలకరు," అని కూడా అంటాడు.

కేంద్రం గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని చూడగానే లేచాడు. "వచ్చారా జంట! తాగేది ఆయన, తూలేది మీరు. బాగా పంచుకున్నారు పెద్దమ్మా," అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వాల్సిన చోట నవ్వడం నాకు బాగా వచ్చు.

ఆ గురువారం అటో ఇటో తేలిపోవాలి. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఈసారీ ఆయన నోరు విప్పకపోతే ఆయన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని. కఠినురాలేం కాదు ఆవిడ. కాని ఆవిడ పద్ధతి ఒకటుంది. కుర్చీలు గుండ్రంగా వేసి, ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా కూర్చోబెట్టి, "మీ కష్టం అందరి ముందూ చెప్పండి, తేలికవుతుంది," అంటుంది. పట్నం వాళ్ళు చెప్పేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు. మా కొండవాళ్ళు ముగ్గురు, నలుగురు మాత్రం నేల చూస్తూ కూర్చునేవారు. మొదటిరోజు మా ఆయన నా చెవిలో, "ఇలా గుండ్రంగా కూర్చోబెట్టారు, ఏమైనా పంచుతారా?" అన్నాడు. ఆ తర్వాత అక్కడ ఒక్క ముక్క మాట్లాడలేదు. "మీ వాళ్ళు సహకరించరండీ," అంది డాక్టరమ్మ, ఆయనతో కాదు, నాతో. ఆయన మాట్లాడకపోవడం కూడా నా లెక్కలోకే వచ్చింది.

మా దారులు ఇరుకు. కొండ మీద పక్కపక్కన నడవడానికి చోటుండదు, ఒకరి వెనక ఒకరం నడుస్తాం. అందుకని కష్టం చెప్పుకోవాలంటే ముందు నడిచేవాళ్ళ వీపుకి చెబుతాం. వినేవాళ్ళు తల తిప్పరు. ముఖం చూస్తూ కష్టం చెబితే, జవాబు చెప్పమని వాళ్ళ మెడ మీద కూర్చున్నట్టు. అది మాకు సిగ్గు. ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పాలని నాకూ తోచలేదు, ఆవిడకీ అడగాలని తోచలేదు.

కేంద్రంలో పనికి కొత్తగా ఒక అమ్మాయి చేరాక ఆ పద్ధతి మారింది. మా అవతలి కొండ పిల్ల, వాళ్ళమ్మమ్మ దగ్గర పెరిగింది, మా భాష చక్కగా మాట్లాడుతుంది. చిన్నగా, చురుగ్గా ఉంటుందని వాచ్‌మన్ పిచ్చుక అని పేరు పెట్టాడు, అదే అందరికీ అలవాటైంది. ఆమె చెప్పిన మీదట ఆ గురువారం డాక్టరమ్మ ఒప్పుకుని, మా వాళ్ళని కుర్చీల నుంచి లేపేసింది.

"రా పెదనాన్నా, గోడ చుట్టూ ఒకసారి తిరిగొద్దాం," అంది పిచ్చుక. గోడకీ మొక్కలకీ మధ్య సన్నటి సిమెంటు దారి. ఆమె ముందు, వెనక ఆయన, ఆయన వెనక సంచి పట్టుకుని నేను. నన్నెవరూ రమ్మనలేదు. ఆయన ఎటు కదిలితే అటు సంచి కదలాలి కదా.

రెండు మలుపులు తిరిగేదాకా చెప్పుల చప్పుడే. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డ పోయిన రోజు మొదలుపెట్టాను," అన్నాడు, మా భాషలో.

పిచ్చుక తల తిప్పలేదు. నడుస్తూనే ఉంది.

"వ్యాను వెనకాల పరిగెత్తాను. మలుపు దాకా. ఇంటికొచ్చి చూస్తే ఇల్లు ఇల్లులా లేదు. ఏడవాలంటే మగాణ్ణి. నాతో కలిసి ఏడవడానికి ఒక మనిషి ఉండాలి కదా ఇంట్లో! ఇది ఏడవలేదమ్మా. గోడకానుకుని కూర్చుని నిద్రపోయింది. కన్నతల్లి! మూడో రోజు కూడా నిద్రే. రాయి. రాతితో ఎంతకాలం కాపురం చేస్తాడు ఎవడైనా? తాగాను."

ఆయన భుజాలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు, ఇప్పుడైనా చూసింది వీపే. వెనక నుంచి ఒక చెయ్యి వేయాలని తెలుసు. నా చేతుల్లో సంచి ఉంది.

రాయి అన్న మాట నాకు కొత్త కాదు. మా అత్త అంది, ఆడపడుచు అంది, ఒకసారి నా కూతురే దాని మర్యాద భాషలో, "నువ్వసలు బాధపడవు కదమ్మా," అంది. అందరూ అంటున్నారు కాబట్టి అవునేమో అనుకున్నాను. బతకడానికి వీలుగానే ఉంది.

పిచ్చుక ఆగింది. అటు తిరిగే ఉండి, "పెద్దమ్మా, ఆ సంచి ఎవరిది?" అంది.

"ఆయనదే తల్లీ."

"అన్నీ ఆయనవేనా?"

తువ్వాలు, బట్టలు, సీసా, కళ్ళజోడు, దువ్వెన అని చెప్పుకుంటూ పోయాను, పాఠం అప్పజెప్పినట్టు. చివరికి వచ్చేసరికి ఆగలేకపోయాను. "పక్క జిప్పులో నా బిళ్ళలు," అన్నాను.

"అవి ఉత్త నిద్ర బిళ్ళలు," అన్నాడు మా ఆయన ముక్కు తుడుచుకుంటూ. "దానికేం జబ్బు లేదు."

"ఎప్పటి నుంచి పెద్దమ్మా?"

నాకు తెలియని సంగతి కాదు. కాని ఆ రెంటినీ నేనెప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. "బిడ్డ వెళ్ళిన రోజు నుంచి," అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

మా ఆయన వెనక్కి తిరిగాడు. పద్ధతి మర్చిపోయి నా ముఖంలోకి చూశాడు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ నా అట్ట తిప్పి తిప్పి చూసింది. "ఇన్నేళ్ళా? చీటీ లేకుండా ఎవరిస్తున్నారండీ?" అంది. మందుల షాపతను నన్ను చూడగానే తీసి ఇస్తాడు, పేరు కూడా అడగడు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమట, కొంచెం కొంచెంగా తగ్గించాలట, వారం వారం చూపించుకోవాలట. "ఒళ్ళు వణకొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు రావచ్చు," అంది. ఆఖరి మాటకి నాకు భయం వేసింది. నా దగ్గర ఎంత ఏడుపు ఉందో ఆవిడకేం తెలుసు? పిల్ల, ఇల్లు, కొండ, పిల్ల నోట్లోంచి పోయిన భాష. అన్నీ ఒకేసారి తలుపు తడితే ఈ వయసులో నేను లేచి తీయగలనా?

"ఆడవాళ్ళకి సోమవారం. ఒక్కతే రావాలి పెద్దమ్మా, ఎవరికీ తోడుగా కాదు," అంది పిచ్చుక.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన చోటు నిలిచింది, ఆ సంతోషం కూడా లేదు ముఖంలో. "బిడ్డ వెళ్ళిన రోజు నుంచని నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. నువ్వడగలేదు అనొచ్చు. అనలేదు. మళ్ళీ ఆయనే, "ఇద్దరం పేషెంట్లమైతే ఇంట్లో మనిషెవరు?" అన్నాడు.

తమాషాకి కాదు, నిజంగానే అడిగాడు. ఆ మాట మూడు రోజులూ నాతోపాటు తిరిగింది. దుప్పటి పిండుతుంటే, గిన్నెలు తోముతుంటే. ఇంట్లో మనిషెవరు? ఇన్నాళ్ళూ ఉన్నది మాత్రం ఎవరు? చేతులున్నాయి, సంచి ఉంది. మనిషిని గోడకి చేరేసి నిద్రపుచ్చారు.

సోమవారం పొద్దున ఒక చిన్న సంచి తీశాను. తువ్వాలు, నీళ్ళ సీసా, బిళ్ళల అట్ట. అంతే, ఇంకేం పెట్టాలో తోచలేదు.

"ఇవాళ గురువారం కాదుగా!" అన్నాడు ఆయన మంచం మీద నుంచి.

"నీది కాదు, నాది. గురువారం నీ సంచి నువ్వే సర్దుకో. దువ్వెన మర్చిపోకు."

"ఒక్కదానివే బస్సెక్కగలవా?"

"ఎక్కాక తెలుస్తుంది," అన్నాను.

పట్టుకోవడానికి చొక్కా అంచు లేదు. కమ్మీ పట్టుకుని ఎక్కాను. నా వెనకే తలుపు మూసుకుంది. కింద ఎవరు ఉండిపోయారా అని అలవాటుగా తిరిగి చూశాను. గుమ్మం నుంచి బస్సు స్టాపు దాకా నా వెనకే వచ్చినట్టున్నాడు, చొక్కా గుండీలు సగమే పెట్టుకుని, ఆయన నిలబడి ఉన్నాడు.

వాచ్‌మన్ నా వెనక చూసి, "ఆయనేరీ?" అన్నాడు. "ఇవాళ నేనే," అన్నాను. ఏం జోకెయ్యాలో తోచక గేటు తీశాడు.

సిమెంటు దారి మీద పిచ్చుక ముందు నడిచింది. ఆమె వెనక నేను. నా వెనక ఎవరూ లేరు. ఒక చుట్టు అయింది, రెండో చుట్టూ అయింది. ఆమె తొందరపెట్టలేదు, తిరిగి చూడలేదు. సన్నటి వీపు, మధ్యలో జడ. మా పిల్లకి ఆ పొద్దున నేను వేసిన జడ కూడా అంతే పొడుగు.

"వ్యానుతో ఒక కాంపౌండరు కూడా వచ్చాడు," అని ఆ వీపుకి చెప్పడం మొదలుపెట్టాను, మా భాషలో. "తల్లులు గోల చేయకుండా తలా ఒక పొట్లం పంచాడు. ఏడుద్దామనే నోరు తెరిచానమ్మా, అందులో బిళ్ళ వేశారు."