ఒక చెంచా నీలగిరి తైలం

చెల్లెలి మొగుడంటే లాండ్రీ అక్కకు లెక్కే లేదు. అతను పట్టుకుని వదిలేసిన వ్యాపారాల సంగతి ఎవరైనా ఎత్తితే, "ఏది మొదలు చెప్పమంటారు?" అనేది. ఈమధ్య ప్రకృతి వైద్యం పట్టుకున్నాడు. తన లాండ్రీ కొట్లో సాయంగా ఉండమంటే, ఫోన్లో చూసిన వీడియోల ధైర్యంతో, బట్టలివ్వడానికి వచ్చినవాళ్లకు చిట్కాలు చెప్పేవాడు. ఆమె ఇస్త్రీ ఆపకుండానే, "వైద్యం తర్వాత, ముందు ఆయన చొక్కాకు గుర్తు వెయ్యండి మరిదిగారూ" అనేది. ఆ 'గారు'లో ఎంత గౌరవముందో అతనికి తప్ప అందరికీ తెలుసు.

ఆ రోజు అతని మూడేళ్ల కూతురు దగ్గుతోంది. చెల్లెలు ఉద్యోగానికి వెళ్లిందని పాపను కొట్టుకే తెచ్చాడు. బట్టల మీది గ్రీజు మరకలు తుడవడానికి ఉంచుకున్న నీలగిరి తైలం సీసా తీసి, అతను చెంచా నిండా వంచి, పాప గడ్డం పట్టుకున్నాడు.

లాండ్రీ అక్క ఒక్క అంగలో వచ్చి పాపను చంకనేసుకుంది.

"అది తాగేది కాదు. సీసా మీదే రాసుంది."

"ఆకు నుంచి తీసింది వదినా. ఆకు హాని చేస్తుందా?"

"అంత గొప్ప మందయితే ముందు తమరు పుచ్చుకోండి."

తాగడనే అనుకుంది. కానీ అతను గటుక్కున మింగేశాడు.

కాసేపు గర్వంగా చూశాడు. తర్వాత గొంతు మండుతోందన్నాడు. ఉతికిన దుప్పట్ల మీదే వాంతి చేసుకున్నాడు. కళ్లు మూతలు పడసాగాయి. ఆమె కొట్టు మూయకుండానే, పాపనూ సీసానూ పట్టుకుని, అతణ్ణి పక్క కొట్టువాళ్ల కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ జరిగిందంతా విని, సీసా చూసింది. "పెద్దవాళ్లు ఛాతీకి రాసుకోవాలన్నా వేరే నూనెలో కలిపి రాసుకోవాలి. ఇంత చిన్నపిల్లకు ముక్కు దగ్గర రాయడమూ ప్రమాదమే. ఆ చెంచాడు పాపకు తాగించి ఉంటే ఫిట్స్ వచ్చేవి, ప్రాణం పోయినా పోయేది."

సాయంత్రానికి అతను తేరుకున్నాడు. చెల్లెలు వచ్చేసరికి, పక్క మంచం ముసలాయనతో, "లోపలి విషమంతా కక్కించేసిందండీ. మందంటే అదీ" అంటున్నాడు.

చెల్లెలు అక్కను వరండాలోకి తీసుకెళ్లింది.

"తాగమని నువ్వే అన్నావట?"

"అన్నాను. తాగుతాడనుకోలేదు. నీ మొగుడి తెలివి గురించి మరీ ఎక్కువ అనుకున్నాను."

చెల్లెలికి కోపం రాలేదు. నిద్రపోతున్న పాపను అక్క భుజం మీంచి తన భుజం మీదకు మార్చుకుంది.

"రేపట్నుంచి పనికెళ్తూ దీన్ని నేనే నీ దగ్గర దింపుతాను. ఆయన్ని కొట్టుకి రానివ్వకు."

లోపలి నుంచి అతని గొంతు ఇంకా వినిపిస్తోంది. చెల్లెలు వెళ్లి, ఆ గది తలుపు దగ్గరగా వేసింది.