సిర్గిట్టి మిషన్లో పడబోయిన పంచె

మా ఆయనకు ఇల్లు సర్దే బుద్ధి ఏడాదికోసారి పుడుతుంది. పుట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఈసారి మరీ అన్యాయం. మా అమ్మాయి రాజశ్రీని కాన్పుకి ఆసుపత్రిలో చేర్చి, అల్లుణ్ణి అక్కడ ఉంచి, గుడ్డల కోసం ఇంటికి పరిగెత్తి పెట్టె తీశాను. దాచిన గుడ్డల మూట లేదు.

ఆ మూటలో, చనిపోయిన మా మామగారి పాత నూలు పంచెలు నాలుగున్నాయి. పురిటిబిడ్డకు మా ఇళ్ళలో కొత్తబట్ట తగిలించరు. పెద్దవాళ్ళు కట్టి విడిచిన మెత్తటి గుడ్డ చింపి చుడతారు. ముదిమనవడైనా, ముదిమనవరాలైనా ముందు ఆయన పంచెలోనే పడుకోవాలని మా అత్తగారు అసిరమ్మ వాటిని ఉతికి దాచింది. ఆవిడకు ఇంక వేరే కోరిక లేదు.

"ఏటండీ, మూటేదీ?"

"ఆ పాతగుడ్డలా? సిర్గిట్టి కార్ఖానాల పేటలో జగన్నాథానికి పంపించీసేను. షెడ్డులో ఇంజన్లు తుడవడానికి అలాంటి నూలే బాగుంటాది."

రైల్వే లోకోషెడ్డు మనిషి కదా, ఏ గుడ్డ చూసినా ఇంజనే గుర్తొస్తుంది. జగన్నాథం కార్ఖానాలో మిషనుంది. ఇటు పాతబట్ట వేస్తే అటు ఇంజన్లు తుడిచే పీచుగా వస్తుంది.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! బండి తియ్యండి!"

దారిలో తోర్వా పేట దాటేదాకా తిడుతూనే ఉన్నాను. కార్ఖానాలో అడుగుపెట్టేసరికి ఒకామె మా పంచెను మిషను నోటికి అందిస్తోంది.

"రుకో బహన్! మత్ డాలో!"

ఆగమ్మా, వెయ్యొద్దని హిందీలో నేను అరిచిన అరుపుకి ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. మిగిలింది ఆ ఒక్కటే. తక్కిన మూడూ పీచుకుప్పలో కలిసిపోయాయి. దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చేశాను. జగన్నాథం చాయ్ తాగమన్నాడు. చాయ్ ఎవరిక్కావాలి!

ఇంటికొచ్చాక పంచెను అత్తగారి ఒళ్ళో పెట్టాను. ఆయనే తల వంచుకుని చెప్పారు.

"అమ్మా, తప్పైపోనాది. నాన్న పంచెలు మిషన్లో పడిపోనాయి. ఒకటే మిగిలింది."

అత్తగారు పంచెను చెంపకు ఆనించుకుంది.

"ఒకటి సాలదేటిరా? బిడ్డ ఒక్కటే కదా," అంది.

అమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ అంచు కొరికి, పంచెను పర్రున చింపి, ముక్కను కొడుకు చేతిలో పెట్టింది. "నువ్వు పుట్టినప్పుడు నిన్ను సుట్టింది మీ తాత పంచెలోనేరా."

మా ఆయన ఆ ముక్కను మడతపెట్టి, చొక్కా లోపల దాచుకుని, నాకంటే ముందు బండి దగ్గరికి నడిచారు.